ఫోన్‌లో మన వీడియో ఎందుకు నల్లబడుతుంది? మానిటర్ గామాను ఇంట్లోనే సరిచేసుకునే పద్ధతి

రాత్రి ముహూర్తం పెళ్లి. మెరూన్ పట్టుచీరల్లో పెద్దవాళ్లు, పందిరి నిండా సీరియల్ బల్బులు. మూడు రాత్రులు కూర్చుని ఆ వీడియోకి రంగులు సరిచేసి యూట్యూబ్‌లో పెట్టాను. నా మానిటర్ మీద చీర అంచులో జరీ పోగు కూడా కనిపించింది. మర్నాడు పొద్దున్నే షోలాపూర్ నుంచి పెద్దమ్మ ఫోన్: "ఏరా, దీపాలు కనబడుతున్నాయి, పందిరి కనబడుతోంది, మనుషులేరీ?"

తప్పు కెమెరాది కాదు, యూట్యూబ్‌ది కాదు, పెద్దమ్మ ఫోన్‌ది అంతకంటే కాదు. నా మానిటర్ మెనూలో గామా 1.8 దగ్గర ఉంది. అది బొమ్మను ఉన్నదానికంటే లేతగా చూపిస్తోంది. లేతగా ఉందనుకుని నేను ముదురు చేశాను. నేను చేసిన ఆ ముదురు ఫైల్‌లోకి ఎక్కి ఊరూరా వెళ్లింది.

ఇప్పుడు మనవాళ్ల ఇళ్లలో పెళ్లిళ్లు, ఉగాది కార్యక్రమాలు, అమ్మమ్మలు చెప్పే పాత కబుర్లు వీడియోలుగానే నిలుస్తున్నాయి. బరంపురంలోనో, హోసూరులోనో, ముంబయి కామాఠిపురలోనో మూడు నాలుగు తరాలుగా ఉంటున్న ఇళ్లలో ఆ యాసలో మాట్లాడే పెద్దవాళ్లు కొందరే మిగిలారు. వాళ్ల ముఖం ఎలా కనబడాలో నిర్ణయించేది చివరికి ఎడిటింగ్ చేసే పిల్లవాడి టేబుల్ మీద ఉన్న మానిటర్. అది అబద్ధం చెబుతుంటే ఎంత శ్రద్ధగా పనిచేస్తే అంత తప్పు పేరుకుంటుంది. డబ్బు పెద్దగా ఖర్చు పెట్టకుండా దాన్ని దారికి తెచ్చుకోవడం ఎలాగో చూద్దాం.

గామా అంటే ఏమిటి

కంప్యూటర్ ప్రతి చుక్క వెలుగునూ 0 నుంచి 255 వరకు ఒక అంకెగా దాచుకుంటుంది. 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు. మధ్యలో ఉన్న 128కి తెలుపులో సగం వెలుగు వస్తుందని అనుకుంటాం. రాదు. గామా 2.2 ఉన్న తెర మీద 128కి వచ్చేది తెలుపులో 22 శాతం వెలుగే. సరిగ్గా సగం వెలుగు కావాలంటే అంకె 186 ఉండాలి. అంకెకూ వెలుగుకూ మధ్య ఉన్న ఈ వంపునే గామా అంటారు. అంకెను 255తో భాగించి, వచ్చినదాన్ని 2.2 ఘాతానికి పెంచితే ఎంత వెలుగు రావాలో తెలుస్తుంది.

ఈ వంపు పాత గాజు గొట్టం టీవీల నుంచి వచ్చింది. ఆ గొట్టంలో వోల్టేజీ పెంచితే వెలుగు దానికి తగ్గ నిష్పత్తిలో పెరిగేది కాదు. మొదట మెల్లగా, తరవాత వేగంగా పెరిగేది. అందుకని ప్రసారం చేసేటప్పుడే దానికి ఎదురు వంపు పెట్టి పంపేవారు. గొట్టాలు పోయినా వంపు మాత్రం ఉండిపోయింది. దానికి కారణం మన కన్నే. చీకటిలో చిన్న తేడాను కూడా పట్టేస్తుంది, బాగా వెలుతురులో పెద్ద తేడాను కూడా గుర్తించదు. ఉన్న 256 అంకెల్లో ఎక్కువ భాగాన్ని ముదురు ఛాయలకు ఇవ్వడానికి ఈ వంపు చక్కగా సరిపోయింది.

1996లో హ్యూలెట్ ప్యాకార్డ్, మైక్రోసాఫ్ట్ కలిసి ఎస్‌ఆర్‌జీబీ అనే పద్ధతిని ప్రతిపాదించాయి. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. దాని వంపు దాదాపు 2.2. ఆపిల్ కంప్యూటర్లు చాలాకాలం 1.8 మీద ఉండి, 2009లో వచ్చిన స్నో లెపర్డ్‌తో 2.2కి మారాయి. టీవీ వీడియోకి రెక్ 709 అనే ప్రమాణం ఉంది. చీకటి గదిలో చూసే స్టూడియో తెర గామా 2.4 ఉండాలని 2011లో బీటీ 1886 చెప్పింది.

మరి మనకు 2.2నా, 2.4నా? ఎడిటర్ల మధ్య ఈ వాదన ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. నా మాట ఇది: ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో, లైటు వెలుగుతున్న గదిలో చూసే వీడియో అయితే 2.2. హాలులో దీపాలు ఆర్పి ప్రొజెక్టర్ మీద వేసేదైతే, మీరూ చీకటి గదిలో కూర్చుని ఎడిట్ చేసేటట్లయితే 2.4. రెంటికీ ఒకే ఫైల్ వాడేవాళ్లు 2.2తో చేసుకుంటే నష్టం తక్కువ.

తప్పు ఎంత పెద్దది

నా పెళ్లి వీడియో లెక్కే చూడండి. పట్టుచీర ముదురు రంగు అంకె 50 దగ్గర ఉందనుకుందాం. 2.2 తెర మీద దానికి 2.8 శాతం వెలుగు వస్తుంది. 1.8 తెర మీద 5.3 శాతం. అంటే దాదాపు రెట్టింపు. అంత లేతగా కనబడేసరికి నేను దాన్ని 35 దాకా దించాను. ఆ 35 పెద్దమ్మ ఫోన్‌లో 1.27 శాతం వెలుగు మాత్రమే ఇచ్చింది. ఉండాల్సినదానిలో సగం కూడా లేదు. ముఖాల దగ్గర 22 శాతం ఉండాల్సిన ఛాయ 16 శాతానికి పడిపోయింది. తెల్ల పువ్వులూ దీపాలూ మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. అందుకే ఆవిడకు పందిరి కనబడింది, మనుషులు కనబడలేదు.

గామా తప్పుకు గుర్తు కూడా ఇదే. నలుపు నలుపుగానే, తెలుపు తెలుపుగానే ఉంటాయి. మధ్యలోని ఛాయలే జరుగుతాయి. నలుపే బూడిద రంగుకు మారి బొమ్మంతా పొగమంచు కమ్మినట్టు ఉంటే, లేదా ముదురు చోట్లు మొత్తం మూసుకుపోయి తెల్ల చోట్లు మాడిపోతే, అది గామా కాదు. వీడియోలో నలుపును 16 దగ్గర, తెలుపును 235 దగ్గర పెట్టే అలవాటు ఉంది. కంప్యూటర్ 0, 255 వాడుతుంది. రెంటిలో ఏదో ఒకటి రెండోదాన్ని తప్పుగా అర్థం చేసుకుంటే ఇలా జరుగుతుంది. టీవీని హెచ్‌డీఎంఐ తీగతో మానిటర్‌గా వాడుకునే ఇళ్లలో ఇది మామూలే. గ్రాఫిక్స్ కార్డ్ సెట్టింగ్స్‌లో 'ఫుల్', 'లిమిటెడ్' అని ఉంటాయి. టీవీలో కూడా అదే ఉండాలి, లేదా టీవీని పీసీ మోడ్‌లో పెట్టాలి. ఇది తేల్చుకోకుండా గామా జోలికి వెళితే రోజంతా తిరిగిన చోటే తిరుగుతుంటారు.

ముందు గది, తరవాత మానిటర్

కొలతకు కూర్చునే ముందు మానిటర్‌ను అరగంట వెలిగించి ఉంచండి. వెలిగించిన వెంటనే ఉన్న రంగూ, వెలుగూ కాసేపటికి మారతాయి.

కిటికీ వెలుగు తెర మీద పడకూడదు. పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉండే గదిలో చేసిన గ్రేడింగ్ కూడా పొద్దునకూ సాయంత్రానికీ మారుతుంది. తెర దూలాల మందం కర్టెన్ ఉంటే మంచిది. లేకపోతే రాత్రి ఒకే లైటు కింద పనిచేయడం అలవాటు చేసుకోండి. మన ఇళ్లలో గోడలకు ఆకుపచ్చ, గులాబీ రంగులు ఎక్కువ. పచ్చ గోడను గంటసేపు చూసిన కన్నుకు తెర మీద బూడిద రంగు గులాబీగా తోస్తుంది. మానిటర్ వెనకాల ఒక తెల్ల దుప్పటి కట్టినా చాలు. దాని మీద పడేలా మానిటర్ వెనుక చిన్న ఎల్‌ఈడీ బల్బు పెట్టండి. కొట్లో దొరికే బల్బు డబ్బా మీద 6500కే అని ఉంటుంది. అదే తీసుకోండి, పసుపు రంగుది వద్దు. వెలుగు మందంగా ఉండాలి, కళ్లలోకి కొట్టకూడదు.

ఇక మానిటర్‌లో ఆపేయాల్సినవి చాలా ఉన్నాయి. నైట్ లైట్, ట్రూ టోన్, ఆటో బ్రైట్‌నెస్, డైనమిక్ కాంట్రాస్ట్, ఎకో మోడ్, విండోస్‌లో హెచ్‌డీఆర్, ఆటల కోసం పెట్టే 'బ్లాక్ ఈక్వలైజర్' లాంటివి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ మీద ఉన్నప్పుడు బొమ్మను బట్టి వెలుగు తగ్గించే సదుపాయం ఒకటి గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో దాక్కుని ఉంటుంది, దాన్నీ ఆపాలి. ఇవన్నీ బొమ్మను బట్టి తెరను మార్చేవి. కొలబద్ద పొడవు మాటిమాటికీ మారుతుంటే గుడ్డ కొలవలేం.

పిక్చర్ మోడ్‌లో ఎస్‌ఆర్‌జీబీ ఉంటే అది ఎంచుకోండి. కొన్ని మానిటర్లలో ఆ మోడ్‌లో బ్రైట్‌నెస్ తాళం పడిపోతుంది; అలాగైతే 'యూజర్' లేదా 'కస్టమ్'. 'వివిడ్', 'గేమ్', 'సినిమా' వద్దు. రిజల్యూషన్ మానిటర్ సొంతది ఉండాలి, తగ్గించి వాడకండి.

పాత ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో టీఎన్ రకం తెర ఉంటుంది. తల కాస్త కిందికి దించితే బొమ్మ ముదురవుతుంది, పైకెత్తితే లేతవుతుంది. అంటే మీరు కూర్చునే తీరును బట్టి గామా మారుతోందన్నమాట. అలాంటిదే గతి అయితే మూత ఎంత తెరవాలో పక్కన పెన్సిల్ గీత పెట్టుకుని, కుర్చీ ఎత్తు మార్చకుండా పనిచేయాలి. కొత్తగా కొనేటట్లయితే ఐపీఎస్ తెర అడగండి.

నలుపు, తెలుపు, వెలుగు

గామా కంటే ముందు ఈ మూడూ సరిగా ఉండాలి. జింప్ లాంటి ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో పూర్తి నల్లటి కాగితం మీద 2, 4, 6, 8, 10 అంకెల బూడిద గడులు వేయండి. గది దీపం తగ్గించి చూస్తే 4 లేదా 6 నుంచైనా లీలగా కనబడాలి. 10 కూడా కనబడకపోతే ముదురు ఛాయలు మింగుడుపడుతున్నాయని అర్థం. అలాగే తెల్ల కాగితం మీద 253, 250, 247 గడులు వేయండి. అవి కనబడకపోతే కాంట్రాస్ట్ ఎక్కువైంది, తగ్గించండి. ఎల్‌సీడీ తెరల్లో కాంట్రాస్ట్‌ను కంపెనీ పెట్టిన చోటే ఉంచడం మంచిది.

వెలుగు విషయంలో అందరం చేసే తప్పు ఒకటే: కొన్నప్పటి నుంచీ బ్రైట్‌నెస్ 100. ఎడిటింగ్‌కి తెల్ల తెర 100 నుంచి 120 నిట్ల దగ్గర ఉంటే చాలు, చాలా మానిటర్లు పూర్తిగా పెంచితే 250 దాటతాయి. కొలిచే పరికరం లేనివాళ్లకు ఒక ఉపాయం. టేబుల్ మీద పడే వెలుతురు 400 లక్స్ ఉంటే మామూలు తెల్ల కాగితం సుమారు 100 నిట్లతో మెరుస్తుంది. లక్స్ చూపించే ఫోన్ యాప్‌లు ఉజ్జాయింపుగా పనికొస్తాయి. అంత వెలుతురులో ఒక ఏ4 కాగితాన్ని తెర పక్కన పట్టుకుని, తెర మీది తెల్ల పేజీ కాగితంతో సమంగా అనిపించేదాకా బ్రైట్‌నెస్ తగ్గించండి. మొదటి రెండు రోజులు అంతా మసకగా తోస్తుంది. మూడో రోజుకు కన్ను అలవాటు పడుతుంది, తలనొప్పి కూడా తగ్గుతుంది.

ఇదే సమయంలో రంగు ఉష్ణోగ్రతను 6500కే దగ్గర పెట్టండి. మెనూలో 'వార్మ్', 'నార్మల్', 'కూల్' అనే మాటలే ఉంటే, చాలావాటిలో 'కూల్' అంటే నీలం ఎక్కువ. దాన్ని వదిలేయండి.

చారల పరీక్ష

ఇప్పుడు అసలు పని. జింప్‌లో 600 పిక్సెళ్ల వెడల్పు, 600 ఎత్తు కాగితం తెరవండి. ఒక పిక్సెల్ నల్ల గీత, ఒక పిక్సెల్ తెల్ల గీత, మళ్లీ నల్లది, ఇలా అడ్డంగా పైనుంచి కిందిదాకా నింపండి. నాలుగు గీతలు గీసి కాపీ చేసుకుంటూ పోతే అయిదు నిమిషాల పని. దూరం నుంచి చూస్తే ఈ చారలు కలిసిపోయి సరిగ్గా సగం వెలుగుగా కనబడతాయి. మానిటర్ గామా ఎంతైనా సరే, నలుపూ తెలుపూ మారవు కాబట్టి ఈ సగం మారదు. ఇదే మన కొలబద్ద.

ఆ చారల మధ్యలో మూడు బూడిద గడులు వేయండి: 174, 186, 191. మూడు రంగులకూ అదే అంకె. ఫైల్‌ను పీఎన్‌జీగా దాచండి. జేపీఈజీలో గీతలు చెరిగిపోతాయి.

బొమ్మను సరిగ్గా నూటికి నూరు శాతం సైజులో తెరవాలి. విండోస్‌లో స్కేలింగ్ 125 శాతం ఉంటే బ్రౌజర్ బొమ్మను సాగదీస్తుంది, చారలు అలలు అలలుగా కనబడతాయి. పరీక్ష అయ్యేదాకా స్కేలింగ్ 100కి తెచ్చుకోండి. మానిటర్‌లో షార్ప్‌నెస్ ఎక్కువగా ఉన్నా పరీక్ష చెడుతుంది.

ఆరేడు అడుగుల దూరం జరిగి, కళ్లు సగం మూసి చూడండి. కళ్లద్దాలున్నవాళ్లకు ఇంకా సులువు, తీసేస్తే సరి. ఏ గడి చారల్లో కలిసిపోయి మాయమైతే అదే మీ గామా. 186 మాయమైతే 2.2. 174 మాయమైతే 1.8. 191 మాయమైతే 2.4. 186 గడి చారల కంటే లేతగా కనబడితే మీ తెర గామా 2.2 కంటే తక్కువ. ముదురుగా కనబడితే ఎక్కువ.

మానిటర్ మెనూలో గామా ఉంటే దాన్ని మారుస్తూ 186 మాయమయ్యే చోట ఆపండి. అక్కడ రాసి ఉన్న అంకెను నమ్మకండి. కొన్నిటిలో 1.8, 2.0, 2.2 అని ఉండదు, 'గామా 1', 'గామా 2', 'గామా 3' అని ఉంటుంది. ఆ అంకెలకు ఏ అర్థమూ లేదు, చారలే చెప్పాలి.

ఇంతటితో అయిపోలేదు. మధ్యలో సరిపోయిన తెర ముదురు ఛాయల్లో తప్పి ఉండవచ్చు, మన చీరలూ జుట్టూ ఉండేది అక్కడే. ఇంకో కాగితం తీసుకుని ఒక తెల్ల గీతకు మూడు నల్ల గీతల లెక్కన నింపండి. అది 25 శాతం వెలుగు. దీనిలో గామా 2.2 తెర మీద మాయం కావాల్సిన గడి 136. గామా 1.8 అయితే 118, 2.4 అయితే 143. రెండు పరీక్షలూ ఒకే జవాబు ఇస్తే మీ మానిటర్ మంచిది. కొద్దిగా తేడా వస్తే 25 శాతం కాగితం చెప్పినదానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

బూడిద గడి వెలుగులో సరిపోయినా గులాబీగానో, పచ్చగానో కనబడుతోందంటే ఎరుపు, పచ్చ, నీలం మూడింటి వంపులు వేర్వేరుగా ఉన్నాయన్నమాట. అప్పుడు తెల్ల గీతల బదులు ఎర్ర గీతలు, బూడిద గడి బదులు ఎరుపు 186 గడి పెట్టి ఒక్కో రంగునూ విడిగా చూడాలి.

మెనూలో గామా లేకపోతే

ల్యాప్‌టాప్‌లకు ఎటూ మెనూ ఉండదు. విండోస్‌లో స్టార్ట్ పక్కన వెతికే పెట్టెలో 'క్యాలిబ్రేట్ డిస్‌ప్లే కలర్' అని వెతకండి. విండోస్ 7 నుంచీ ఉంది. అందులో గామా జారుడు గీత వస్తుంది. దాని సొంత చుక్కల బొమ్మ కంటే మీరు చేసిన చారల కాగితాన్ని పక్కన తెరిచి పెట్టుకోవడం మేలు. మ్యాక్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో కలర్ ప్రొఫైల్‌ల దగ్గర ప్లస్ గుర్తు ఉంటుంది, ఆప్షన్ మీట నొక్కి పట్టుకుని దాన్ని తెరిస్తే వివరమైన పద్ధతి వస్తుంది. 2021 తరవాతి మ్యాక్‌బుక్ ప్రోల్లో ఎక్స్‌డీఆర్ తెర ఉన్నవాటికి ఇంటర్నెట్, వెబ్ కోసం సిద్ధంగా ఒక రెఫరెన్స్ మోడ్ ఉంది. దాన్ని ఎంచుకుంటే ఈ శ్రమంతా తప్పుతుంది.

ఈ సాఫ్ట్‌వేర్ పద్ధతిలో ఒక లోపం ఉంది. అది గ్రాఫిక్స్ కార్డ్ పంపే అంకెలను వంచుతుంది. ఎక్కువగా వంచితే ఆకాశం లాంటి చోట్ల మెట్లు మెట్లుగా గీతలు పడతాయి. అందుకే మానిటర్ మెనూతో చేయగలిగినంత చేసి, మిగిలిన కొంచెమే దీనికి వదలాలి. కొన్ని ఆటలు, కొన్ని డ్రైవర్ అప్‌డేట్‌లు దీన్ని చెప్పాపెట్టకుండా చెరిపేస్తాయి. పని మొదలుపెట్టే ముందు చారల కాగితాన్ని ఒకసారి తెరిచి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

తెర మీద తగిలించి కొలిచే పరికరం ఉంటే కన్ను మీద ఆధారపడే పని ఉండదు. డేటాకలర్ వారి స్పైడర్, క్యాలిబ్రైట్ వారి పరికరాలు ఇందుకే. ఆర్గిల్‌సీఎంఎస్, డిస్‌ప్లేక్యాల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లతో కూడా పనిచేస్తాయి. లక్ష్యంగా 6500కే, 100 నుంచి 120 నిట్లు, గామా 2.2 ఇస్తే చాలు. అయితే ఏడాదికి నాలుగైదుసార్లు వాడే వస్తువును ఇంటికొకటి కొనడం దండగ. మీ ఊరి తెలుగు సంఘం ఒకటి కొని ఉంచితే వీడియోలు చేసే పిల్లలందరూ వంతులవారీగా వాడుకోవచ్చు. హార్మోనియం, మైక్ సెట్ అలాగే కదా నడుస్తున్నాయి.

ఎగుమతి చేసేటప్పుడు వచ్చే చిక్కు

మానిటర్ సరిగా ఉన్నా కొందరిని ఇంకో చిక్కు వెంటాడుతుంది. మ్యాక్ మీద ఎడిట్ చేసి బయటికి తీసిన ఫైల్ క్విక్‌టైమ్‌లో వెలిసిపోయినట్టు, వీఎల్‌సీలో బాగానే ఉన్నట్టు కనబడుతుంది. రెక్ 709 అని ముద్ర ఉన్న ఫైల్‌ను ఆపిల్ రంగుల పద్ధతి సుమారు 1.96 గామాగా చదవడం దీనికి కారణం. ఫైల్ లోపలి అంకెలు మారలేదు, చదివే తీరు మారింది. వెలిసిపోయిందని ఫైల్‌ను మళ్లీ ముదురు చేస్తే నా పెళ్లి వీడియో కథే అవుతుంది. డావిన్చీ రిజాల్వ్‌లో ఇందుకే రెక్ 709-ఏ అనే ముద్ర పెట్టారు. ఆపిల్ వాళ్లు ఎక్కువగా చూసే వీడియో అయితే దాన్ని వాడవచ్చు. మిగతావాళ్లు మామూలు రెక్ 709, గామా 2.2 లేదా 2.4, ఏది పెట్టి గ్రేడ్ చేశారో అదే పెట్టుకుని ఒకే దారిలో ఉండటం మంచిది.

ఇంకొక సంగతి. చాలా వీడియో ఎడిటర్లు మీరు చేసుకున్న కలర్ ప్రొఫైల్‌ను వాటంతట అవి చదవవు. ప్రీమియర్‌లో 'డిస్‌ప్లే కలర్ మేనేజ్‌మెంట్' అని, మ్యాక్ మీద రిజాల్వ్‌లో మ్యాక్ ప్రొఫైల్ వాడమని చెప్పే గడి ఉంటాయి. అవి వెతికి ఆన్ చేసుకోవాలి.

ముఖాల గురించి ఒక మాట

కన్ను మోసపోతుంది, వేవ్‌ఫామ్ గ్రాఫ్ మోసపోదు. అది మానిటర్‌ను చూడదు, ఫైల్‌లోని అంకెలనే చూపిస్తుంది. గ్రేడింగ్ చేసేటప్పుడు దాన్ని ఎప్పుడూ తెరిచి ఉంచుకోండి. అయితే ఇంటర్నెట్‌లో పాఠాలు చెప్పేవాళ్లు ముఖం 70 శాతం దగ్గర ఉండాలంటారు. ఆ 70 తెల్ల చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని పుట్టిన లెక్క. మన పెద్దవాళ్ల ఛాయను అక్కడికి లాగితే ముఖం సున్నం కొట్టినట్టు అవుతుంది, పక్కనున్న తెల్ల పంచె మాడిపోతుంది. ఛామనఛాయ ముఖం 70 కంటే బాగా కిందే ఉంటుంది, ఉండాలి కూడా. వెలుగు మనిషిని బట్టి మారుతుంది గానీ, చర్మం రంగు దిశ మాత్రం అందరికీ దాదాపు ఒకటే. వెక్టర్‌స్కోప్‌లో చర్మం కోసం గీసిన గీత ఇందుకే ఉంది. ముఖం ఆ గీత పక్కన ఉంటే చాలు, ఎంత ముదురన్నది మనిషి ఇష్టం కాదు, మనిషి సొంతం.

గామా తప్పిన మానిటర్‌తో ఎక్కువగా దెబ్బతినేది ఇదే. 2.6 దగ్గర ఉన్న తెర మీద అమ్మమ్మ ముఖం నల్లబడి కనిపిస్తుంది. లేతచేస్తాం. ఫోన్‌లో చూసినవాళ్లు "ఇదేంటి, పౌడర్ పూశారా" అంటారు.

చివరి పరీక్ష

వీడియోను యూట్యూబ్‌లో 'అన్‌లిస్టెడ్'గా ఎక్కించి, హెచ్‌డీ తయారయ్యేదాకా ఆగి, ఇంట్లో ఉన్న మూడు నాలుగు ఫోన్లలో చూడండి. ఒకటి ఓలెడ్ తెర, ఒకటి పాత ఎల్‌సీడీ ఫోన్ ఉంటే మంచిది. ఫోన్ బ్రైట్‌నెస్ సగం దగ్గర పెట్టి గదిలోనే చూడండి, ఎండలో ఏ వీడియో అయినా నల్లగానే ఉంటుంది. ఒక్క ఫోన్‌లో తేడా ఉంటే పట్టించుకోకండి, ఆ ఫోన్‌లో 'వివిడ్' మోడ్ ఉండొచ్చు. అన్నిటిలోనూ ముదురుగా ఉంటే మాత్రం మీ మానిటర్ ఇంకా ఎక్కువ వెలుగుతో ఉంది. వీడియోని కాదు, మానిటర్ బ్రైట్‌నెస్‌ను సరిచేసి మళ్లీ మొదలుపెట్టండి. వాట్సాప్‌లో పంపి చూసి తీర్పు చెప్పకండి. అది ఫైల్‌ను పిండి పిప్పి చేస్తుంది. రాత్రి పూట తీసిన ముదురు చోట్లు అందులో గడులు గడులుగా విరుగుతాయి.

మానిటర్ వెనుక దీపం కాలంతో పాటు మందగిస్తుంది, పసుపు తిరుగుతుంది. కన్నుతో చేసుకునేవాళ్లు మూడు నెలలకోసారి, పరికరం ఉన్నవాళ్లు నెలకోసారి మళ్లీ చూసుకుంటే సరిపోతుంది. బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్, గామా, రంగు ఉష్ణోగ్రత అంకెలను ఒక చీటీ మీద రాసి మానిటర్ వెనుక అంటించండి. ఇంట్లో పిల్లలు ఆట ఆడుకుని మెనూ మార్చేసిన రోజు అది పనికొస్తుంది.

గ్రేడింగ్ చేయని అసలు ఫైల్‌ను, కెమెరా లేదా ఫోన్ నుంచి వచ్చింది వచ్చినట్టు, వేరే డిస్క్‌లో ఉంచండి. నేను ఆ పెళ్లి వీడియోను రెండోసారి చేయగలిగింది అది ఉండబట్టే. ఈసారి పెద్దమ్మ ఫోన్ చేసి, రెండో వరసలో కూర్చున్న మేనత్త చీర బరంపురం పట్టా, కంచి పట్టా అని అడిగింది.